ప్లేస్‌మెంట్ సెల్ పిల్లలకే కాదు, మీకూ జవాబుదారీ

ప్రశ్న: చెన్నై శివారులోని ఒక ప్రైవేటు ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతున్నాను. మాది నెల్లూరు. మా క్లాసులో సూళ్ళూరుపేట, తడ, నాయుడుపేట వైపు నుంచి రోజూ రైలులో వచ్చే తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. పాఠం అయ్యాక "మేడమ్, డిగ్రీ తర్వాత నేనేమి చేయాలి?" అని నన్నే అడుగుతారు. నేను ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసి నేరుగా బోధనలోకి వచ్చాను. ఏ కంపెనీ గుమ్మమూ తొక్కలేదు. కింది అంతస్తులో ప్లేస్‌మెంట్ సెల్ ఉంది గానీ, డ్రైవ్ (కంపెనీలు వచ్చి పిల్లలను ఎంపిక చేసుకునే కార్యక్రమం) ఉన్న రోజు పిల్లలను వదలమని సర్క్యులర్ పంపడం తప్ప వాళ్ళు మాతో మాట్లాడరు. మా హెచ్‌ఓడీ "అది మన పని కాదమ్మా, సిలబస్ చూసుకోండి" అంటారు. మూడో సంవత్సరం చదివే ఒక అమ్మాయికి ఎమ్మెస్సీ చేయాలని ఉంది. ఇంట్లో మాత్రం తడ దగ్గరి శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఏదో ఒక ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఆమెకు ఏమి చెప్పాలి? అసలు ఇది నా పనేనా? ప్లేస్‌మెంట్ సెల్‌ను నేను ఏమని అడగాలి?
— ఒక అధ్యాపకురాలు, చెన్నై

అమ్మా,

ఇది మీ పనే. అయితే మీరు భయపడుతున్నంత పెద్ద పని కాదు. పిల్లలకు ఉద్యోగాలు వెతికి పెట్టడం, కంపెనీల గుట్టు తెలుసుకోవడం మీ బాధ్యత కాదు. మీ క్లాసులో ఎవరికి ఏమి చేతనవును, ఎవరి ఇంట్లో ఏమి ఒత్తిడి ఉంది, ఎవరు నోరు తెరిచి అడగలేరు అన్నది మీకు తెలుసు. ఆ తెలిసినదాన్ని సరైన చోటికి చేర్చడమే మీ వంతు. మిగతా సమాచారమంతా మీ చేతికి అందించవలసింది ప్లేస్‌మెంట్ సెల్. మీరు దాన్ని దయగా అడగడం లేదు, వాళ్ళ పనిలో భాగంగా అడుగుతున్నారు.

పిల్లలు మీ దగ్గరికే ఎందుకు వస్తున్నారో చూడండి. ప్లేస్‌మెంట్ ఆఫీసరుకు వాళ్ళు ఎక్సెల్ షీటులో ఒక వరుస. మీకు పేరుతో తెలుసు. పైగా మీరు తెలుగువారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన పిల్ల, ఇంగ్లీషులో అపాయింట్‌మెంట్ అడిగి, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు కూర్చుని "నాకు ఏమీ తెలియదు" అని చెప్పుకోలేదు. ల్యాబులో బ్యూరెట్ కడుగుతూ మీతో అనగలదు. 2014లో గాలప్ సంస్థ, పర్డ్యూ విశ్వవిద్యాలయం కలిసి ముప్పై వేల మందికి పైగా అమెరికన్ పట్టభద్రులను ప్రశ్నించాయి. చదువుపై ఉత్సాహం పుట్టించిన ఒక అధ్యాపకుడు, తమను మనిషిగా పట్టించుకున్న అధ్యాపకులు, ఆశయాల వైపు నడవమని వెన్నుతట్టిన పెద్దదిక్కు, ఈ మూడూ తమకు దొరికాయని గట్టిగా చెప్పినవారు 14 శాతమే. అలా దొరికినవారు తర్వాత తమ ఉద్యోగంలో మనసు పెట్టి పనిచేసే అవకాశం రెట్టింపుకు పైగా ఉందని ఆ అధ్యయనంలో తేలింది. కనుక క్లాసు గుమ్మం దగ్గర మీరు వెచ్చించే పది నిమిషాలను సిలబస్‌కు అడ్డమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఈ సంగతి అమెరికా కళాశాలల కెరీర్ సెంటర్లు చాలాకాలం క్రితమే గ్రహించాయి. విద్యార్థి తమ ఆఫీసుకు వచ్చేదాకా కూర్చుంటే రావలసినవాళ్ళు ఎప్పటికీ రారని తెలిసి, అధ్యాపకులనూ సిబ్బందినీ తమ సేవలు అందుకునే రెండో వర్గంగా చూడడం మొదలుపెట్టాయి. చాలాచోట్ల ఒక్కో విభాగానికి ఒక్కో సలహాదారుణ్ణి కేటాయిస్తారు. ఆయన ఆ విభాగం సమావేశాలకు వస్తారు, అక్కడి పాఠ్యాంశాలు తెలుసుకుంటారు. 'క్లాసు రద్దు చేయకండి' అనే పేరుతో పలు కళాశాలల్లో ఒక ఏర్పాటు ఉంది. అధ్యాపకుడు సెమినారుకో మరో పనికో వెళ్ళవలసి వస్తే ముందుగా కబురు పెడతాడు. ఆ గంటలో కెరీర్ సెంటర్ మనిషి వచ్చి ఆ సబ్జెక్టు పిల్లలకు తగ్గట్టు రెజ్యూమె, ఇంటర్వ్యూ, ఇంటర్న్‌షిప్ వంటి ఏదో ఒక అంశం చెబుతాడు. నాకు చాలా నచ్చిన ఏర్పాటు ఇది. పైసా ఖర్చు లేదు, టైంటేబులు చెదరదు, క్లాసులో ఉన్న ప్రతి పిల్లకూ అందుతుంది. మీకు రిఫ్రెషర్ కోర్సో పరీక్షా పత్రాల మూల్యాంకనమో పడిన రోజు మన దగ్గర ఆ గంట ఏమవుతుందో మీకు తెలుసు. వచ్చే నెలలో అలాంటి రోజు ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ తేదీ ప్లేస్‌మెంట్ ఆఫీసరుకు ఇప్పుడే చెప్పి పెట్టండి.

మన ప్లేస్‌మెంట్ సెల్‌లు మీతో ఎందుకు మాట్లాడవో కూడా అర్థం చేసుకోవాలి. వాళ్ళను అంకెలు తరుముతుంటాయి. బెంగళూరు కేంద్రంగా 1994 నుంచి కళాశాలల నాణ్యతను మదింపు చేస్తున్న న్యాక్ ఇంతకాలం వాడిన ఏడు ప్రమాణాల్లో ఐదవది విద్యార్థులకు ఇచ్చే తోడ్పాటు, వాళ్ళ పురోగతి గురించినది. అక్కడ ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో లెక్క చూపాలి, ఆఫర్ లెటర్లు జతచేయాలి. 2016 నుంచి విద్యాసంస్థలకు ర్యాంకులు ప్రకటిస్తున్న కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐఆర్‌ఎఫ్ మధ్యస్థ జీతం కూడా అడుగుతుంది. దాంతో ఒకేసారి పెద్ద సంఖ్యలో తీసుకునే ఐటీ, బీపీఓ కంపెనీల చుట్టూ సెల్ తిరుగుతుంది. కంప్యూటర్ సైన్స్, కామర్స్ పిల్లలకు అది కొంతవరకు పనికి వస్తుంది. మీ రసాయనశాస్త్రం పిల్లలు చాలా డ్రైవ్‌లలో అర్హత జాబితాలోనే ఉండరు. ఆ ఆఫీసులో ఉన్నది చెడ్డ మనుషులు కారు. వాళ్ళకు మీ సబ్జెక్టు తెలియదు. కెమిస్ట్రీ చదివినవాళ్ళు ఏయే పనులకు పనికి వస్తారో వాళ్ళకు చెప్పగలిగింది మీ విభాగమే.

న్యాక్, ఎన్‌ఐఆర్‌ఎఫ్ రెండింటిలోనూ ఉద్యోగాలతో పాటు పై చదువులకు వెళ్ళినవాళ్ళ లెక్కకూ చోటు ఉంది. హెచ్‌ఓడీ గారు మరోసారి "అది మన పని కాదు" అన్నప్పుడు ఈ మాట మర్యాదగా ఆయన చెవిన వేయండి. విభాగం నివేదికలో ఎమ్మెస్సీకి వెళ్ళినవాళ్ళ పేర్లు, సీటు వచ్చిన పత్రాలు ఏటా మార్చి దాటాక హడావిడిగా వెతికేది ఎలాగూ మీరే.

ఇక సెల్‌ను అడగవలసినవాటికి వద్దాం. అన్నిటికన్నా ముందు, గత మూడు బ్యాచ్‌ల కెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో అడగండి. కళాశాల మొత్తానికి కలిపిన శాతాలు మీకు అక్కర్లేదు. మీ విభాగం పిల్లలు ఏ సంస్థలో, ఏ పనిలో, మొదటి నెల ఎంత జీతంతో చేరారో, ఆరు నెలల తర్వాత అక్కడే ఉన్నారో లేదో కావాలి. సెల్ దగ్గర ఇది పూర్తిగా ఉండకపోవచ్చు, చాలాచోట్ల ఆఫర్ లెటరుతో లెక్క ఆగిపోతుంది. లేకపోతే ఇద్దరూ కలిసి కట్టండి. పాత విద్యార్థుల ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయి, ప్లేస్‌మెంట్ సెల్ వాళ్ళు ఫోను చేస్తే పలకకపోయినా మీరు చేస్తే పలుకుతారు. జూనియర్లు ఫోను చేస్తే మాట్లాడడానికి ఎవరు ఒప్పుకుంటారో కూడా అప్పుడే అడగండి. చెన్నై చుట్టుపక్కల మీ పిల్లలకు తగిన చోట్లు ఎన్నో ఉన్నాయి. మనలిలో పెట్రోకెమికల్ పరిశ్రమలు, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఆలత్తూరులో మందుల తయారీ వాడ, అంబత్తూరు పారిశ్రామికవాడలో చిన్నా పెద్దా యూనిట్లు, అడయారులో 1948 నుంచి ఉన్న కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ, నీటినీ ఆహారాన్నీ పరీక్షించే ప్రయోగశాలలు. ఇవి ఒకేసారి వంద మందిని తీసుకోవు. ఇద్దరినో ముగ్గురినో తీసుకుంటాయి. అందుకే డ్రైవ్ లెక్కల్లో ఎక్కడా కనిపించవు. మీ పాత విద్యార్థి అక్కడ ఒకరుంటే ఆ దారి మీ విభాగానికి తెరుచుకుంటుంది.

రెండోది, వేళలు. ఈ విషయాన్ని మీరు తప్ప మరెవరూ పట్టించుకోరు కనుక కొంచెం నిలబడి చెబుతాను. చాలా కళాశాలల్లో ప్లేస్‌మెంట్ శిక్షణ క్లాసులు అయిపోయాక, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా పెడతారు. చెన్నై సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ స్టేషన్ నుంచి సూళ్ళూరుపేటకు లోకల్‌లో సుమారు రెండు గంటలు. మీ కళాశాల నుంచి ఆ స్టేషన్‌కు చేరడానికి పట్టే సమయం వేరు. ఆరింటి దాకా కూర్చున్న ఆడపిల్ల ఇల్లు చేరేసరికి ఎంతవుతుందో లెక్క వేయండి. స్టేషన్ నుంచి ఊరికి ఆటో దొరకాలి, నాన్నో అన్నో ఎదురు రావాలి. ఆ పిల్ల శిక్షణకు రాదు. సెల్ రిజిస్టరులో 'గైర్హాజరు' అని పడుతుంది. మూడు గైర్హాజరులైతే డ్రైవ్‌కు కూర్చోనివ్వబోమని కొన్నిచోట్ల నిబంధన కూడా ఉంటుంది. బయటినుంచి చూస్తే ఆసక్తి లేని పిల్ల. నిజం మీకు తెలుసు. రైలులో వచ్చే విద్యార్థుల పేర్లు, వాళ్ళు పట్టుకోవలసిన బండి వేళలు ఒక కాగితం మీద రాసి ఆఫీసరుకు ఇవ్వండి. ఉదయం మొదటి గంటకు ముందో, మధ్యాహ్న భోజన విరామంలోనో, వారానికొక ల్యాబ్ గంటలోనో ఒక బ్యాచ్ పెట్టమని అడగండి. కారణం కాగితం మీద కనిపిస్తే కాదనే ఆఫీసరు తక్కువ. ఇంతకాలం వాళ్ళకు చెప్పినవారే లేరు.

మూడోది, మెంటార్ డైరీ. మీ కళాశాలలోనూ ఇరవై మంది పిల్లలకు ఒకరు చొప్పున మెంటార్‌ను వేసి, ఒక పుస్తకం ఇచ్చి ఉంటారు. హాజరు, మార్కులు, తల్లిదండ్రుల సంతకం, అంతటితో సరి. అందులో ప్రతి విద్యార్థి పేజీలోనూ ఒక గడి అదనంగా గీసుకోండి: డిగ్రీ తర్వాత ఏమి అనుకుంటున్నారు, దానికి ఏమి అడ్డం. సెమిస్టరుకొకసారి అడిగి రాయండి. మొదటి సంవత్సరంలో 'తెలియదు' అని రాసినా పరవాలేదు. ఎవరికి సెల్ సాయం కావాలో తేలాక, ఆ విద్యార్థి సరేనన్న తర్వాతే, ఆఫీసరుకు రెండు వాక్యాల సందేశం పంపండి: "ఫలానా రెండో సంవత్సరం విద్యార్థిని నాణ్యత పరీక్షల పని గురించి తెలుసుకోవాలనుకుంటోంది. గురువారం పదకొండింటికి పంపుతున్నాను, ఇంగ్లీషు మాట్లాడడానికి జంకుతుంది, తమిళంలో మాట్లాడండి." ఇంతే. "ప్లేస్‌మెంట్ సెల్‌కు వెళ్ళు" అని నోటితో చెబితే పదిమందిలో ఎనిమిది మంది వెళ్ళరు. వేళ, మనిషి పేరు, గది నంబరు చెప్పి పంపితే వెళతారు. పంపిన తర్వాత ఏమైందో మీకు ఒక మాట తిరిగి చెప్పమని సెల్‌ను అడగండి. చాలాచోట్ల తెగిపోయే ముడి ఇదే. అధ్యాపకులు పంపుతారు, ఏమైందో వాళ్ళకు తెలియదు, రెండుసార్లు చూసి పంపడం మానేస్తారు.

మీ పాఠంలోనే మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. దీనికి ఏ కంపెనీ అనుభవమూ అక్కర్లేదు. బీఎస్సీ పిల్లల రెజ్యూమెలు తీసి చూడండి. "కష్టపడే స్వభావం, బృందంతో కలిసి పనిచేయగలను, త్వరగా నేర్చుకుంటాను." వంద కాగితాల మీద ఇవే మాటలు. చదివే మనిషికి ఆ పిల్లకు ఏమి చేతనవునో తెలియదు. మీ ల్యాబు రికార్డులో నీటి కాఠిన్యం ప్రయోగం ఉంటుంది కదా. ఈడీటీఏ టైట్రేషన్. అమ్మోనియా బఫరు పోసి పీహెచ్ పది దగ్గర ఉంచి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే సూచిక వేసి, ద్రాక్ష ఎరుపు నీలంగా మారేదాకా చుక్క చుక్కగా వదలడం. మామూలుగా ల్యాబు అటెండరు ఇచ్చిన నమూనాతో ఈ ప్రయోగం చేసి, విలువ రాసి, సంతకం పెట్టించుకుంటారు. ఈసారి ప్రతి విద్యార్థినీ తమ ఇంటి బోరు నీళ్ళు, పక్కింటి నీళ్ళు, వీధి ట్యాంకరు నీళ్ళు సీసాల్లో పట్టుకురమ్మనండి. వచ్చిన విలువలను తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500తో పోల్చమనండి. మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనిచోట 600 దాకా అనుమతి. ఒక పేజీ నివేదిక రాయించండి. అప్పుడు రెజ్యూమెలో ఇలా రాసుకోవచ్చు: "సూళ్ళూరుపేటలోని మా వీధి నుంచి తెచ్చిన ఎనిమిది నీటి నమూనాల మొత్తం కాఠిన్యాన్ని ఈడీటీఏ టైట్రేషన్ ద్వారా లెక్కించి, ఐఎస్ 10500 పరిమితులతో పోల్చి నివేదిక సమర్పించాను." ఈ వాక్యం చదివిన నీటి పరీక్షల ల్యాబు మేనేజరు ఆమెను లోపలికి పిలిచి మాట్లాడతాడు. ప్రశ్నలు అడిగితే ఆమె దగ్గర జవాబులు ఉంటాయి, చేసిన పని కనుక. రికార్డు మార్కులు వేసే రోజున ఆ ఒక్క వాక్యం కూడా రాయించి చూడండి. దాన్ని రెజ్యూమెలో ఎక్కడ పెట్టాలో, ఎలా దిద్దాలో సెల్ చూసుకుంటుంది.

ఆ అమ్మాయి సంగతికి వస్తాను. ఉద్యోగమా, ఎమ్మెస్సీయా అని ఇంట్లో తగువు జరుగుతున్నప్పుడు మీరు ఒక పక్షం తీసుకుంటే తండ్రికి మీరు ఎదురు నిలిచినట్టు అవుతుంది. రెండు దారులనూ తేదీలతో, రూపాయలతో కాగితం మీద పెట్టండి. ఎమ్మెస్సీ ప్రవేశాలకు పెట్టే జామ్ పరీక్ష సాధారణంగా ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తులు సెప్టెంబరు, అక్టోబరులలోనే ముగుస్తాయి. మూడో సంవత్సరం మొదట్లో మేలుకోకపోతే బండి తప్పినట్టే. ఐఐటీల్లో ఎమ్మెస్సీకీ, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకీ ఆ స్కోరే దారి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ ఉంది. తిరుపతి ఎస్వీ విశ్వవిద్యాలయం వంటివాటికి ఏపీ పీజీసెట్ ఉంది. డిగ్రీ తమిళనాడులో చదివింది కనుక స్థానికత నిబంధన ఆమెకు ఎలా వర్తిస్తుందో మాత్రం ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

రెండో వైపు శ్రీసిటీని చిన్నచూపు చూడకండి. మాండెలెజ్, కెలాగ్స్, కోల్గేట్ కర్మాగారాలు అక్కడ ఉన్నాయి. చాక్లెట్ అయినా టూత్‌పేస్టు అయినా గేటు దాటి బయటికి వెళ్ళాలంటే నాణ్యత పరీక్షలు తప్పవు. ఇంట్లోవాళ్ళు "ఏదో ఒక ఉద్యోగం" అంటున్నారు. మీరు "ఏ ఉద్యోగం?" అని అడగండి. ప్యాకింగ్ లైనులో నిలబడడం వేరు, క్వాలిటీ విభాగంలో శిక్షణార్థిగా చేరడం వేరు. ఉద్యోగానికీ ఎమ్మెస్సీకీ మధ్య కూడా ఒక దారి ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టానికి 2014లో చేసిన సవరణతో ఇంజినీరింగేతర పట్టభద్రులకూ అప్రెంటిస్‌షిప్ అవకాశం వచ్చింది. దక్షిణాది రాష్ట్రాలకు దాన్ని చూసే అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు చెన్నైలోనే, తరమణిలో ఉంది. 2019లో సవరించిన నిబంధనలు పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయల భృతి పెట్టాయి. ప్రస్తుతం ఎంత ఉందో ఈ అప్రెంటిస్ పథకపు న్యాట్స్ పోర్టల్‌లో చూసి చెప్పండి. ఏడాది అప్రెంటిస్‌గా పనిచేస్తూ జామ్‌కు చదువుకోవచ్చు. జామ్‌కు వయోపరిమితి లేదు. ఆ ఏడాది ఇంటికి కొంత డబ్బు అందుతుంది, ఆమె ఆశా చావదు, ల్యాబు పని నిజంగా నచ్చుతుందో లేదో ఆమెకే తెలుస్తుంది. నా అభిప్రాయం అడిగితే, మార్కులు బాగుండి ఇంట్లో అప్పుల ఒత్తిడి లేకపోతే నేరుగా ఎమ్మెస్సీకే ఓటు వేస్తాను. ఒత్తిడి ఉంటే అప్రెంటిస్ ఏడాదికి. ఏది ఎంచుకున్నా నిర్ణయం ఆమెదీ ఆ ఇంటిదీ. తండ్రితో మాట్లాడవలసి వస్తే కళాశాలకు పిలిపించకండి, ఒక రోజు కూలి పోతుంది. ఆయనకు వీలైన వేళకు ఫోను చేయండి, పాత విద్యార్థినుల్లో తడ వైపు అమ్మాయి ఎవరైనా ఎమ్మెస్సీ చేసి ఉద్యోగంలో ఉంటే ఆమె చేత మాట్లాడించండి. ఆ పేరు కోసమే మూడు బ్యాచ్‌ల జాబితా కావాలన్నాను.

కొన్ని చోట్ల మీరు చేయి వెనక్కి తీసుకోవాలి. మీకు తెలిసిన కంపెనీ మనిషి ఫోను చేసి "మంచి పిల్లలుంటే ఇద్దరిని పంపండి మేడమ్" అన్నాడనుకోండి. మీ మనసులో వెంటనే రెండు పేర్లు మెదులుతాయి. ఆ రెండు పేర్లే పంపకండి. ఆ కబురును సెల్‌కు చేర్చి, అర్హత ఉన్న అందరికీ తెలిసేలా పెట్టించండి. అమెరికాలో కళాశాలల, ఉద్యోగదాతల జాతీయ సంఘమైన నేస్ అధ్యాపకుల కోసమే నియామకాల నీతి మీద ఒక మార్గదర్శిక ప్రచురించింది. ఇష్టమైన కొందరికే అవకాశం చేరవేస్తే తెలియకుండానే వివక్ష అవుతుందన్నది అక్కడి ఆందోళన. మన దగ్గర అది ఇంకా పదునుగా వర్తిస్తుంది. మీరు తెలుగు పిల్లలకు పెద్దదిక్కుగా ఉండడం మంచిదే, వెనక బెంచీలో కూర్చున్న తిరువళ్ళూరు తమిళ పిల్లవాడికి "ఈ మేడమ్ వాళ్ళ మనిషి" అనిపించకూడదు.

సిఫారసు లేఖల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి. మీరు చూసినదే రాయండి. "చాలా తెలివైనది" అనే మాట కన్నా "మూడుసార్లు ఫలితం తేడా వస్తే ఈడీటీఏ ద్రావణాన్ని తనే మళ్ళీ ప్రామాణీకరించింది" అన్నది వెయ్యి రెట్లు బలం. విద్యార్థి నుంచి రెజ్యూమె, చివరి తేదీ, ఏ కోర్సుకో చెప్పే వివరాలు కనీసం రెండు వారాల ముందు తీసుకోండి. మార్కులు, కుటుంబ పరిస్థితి ప్రస్తావించే ముందు వాళ్ళ అనుమతి అడగండి. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం విద్యా రికార్డుల్లోని వివరాలు బయటికి చెప్పడానికి విద్యార్థి లిఖిత సమ్మతి కోరుతుంది. మీ పిల్లలెవరైనా అక్కడి విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేస్తే, మీ లేఖను చూసే హక్కు వదులుకుంటున్నారా అన్న గడి దరఖాస్తులో కనిపిస్తుంది. కంగారు పడనవసరం లేదు, అది ఈ చట్టం వల్ల వచ్చినదే.

డబ్బు అడిగే ఉద్యోగాల విషయంలో మాత్రం మీకు సెల్ నుంచి స్పష్టమైన మాట కావాలి. "సెక్యూరిటీ డిపాజిట్ కట్టండి, ఆఫర్ లెటర్ పంపుతాం" అనే సందేశాలు పిల్లల ఫోన్లకు రోజూ వస్తున్నాయి. వాళ్ళు మొదట చూపించేది మీకే, ఎందుకంటే సెల్ నుంచి రాని కబురును సెల్‌కు చూపించడానికి భయపడతారు. అలాంటిది వస్తే పది నిమిషాల్లో చూసి చెప్పే ఒక మనిషి, ఒక నంబరు సెల్‌లో ఉండాలని పట్టుబట్టండి. అప్పటికే డబ్బు కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయవాణి 1930కు ఫోను చేయించండి.

పట్టించుకోవలసినవాళ్ళు ఇంకా ఉన్నారు. మీ ల్యాబు అటెండరు, లైబ్రేరియన్, హాస్టల్ వార్డెన్, ఆఫీసులో బోనఫైడ్ సర్టిఫికెట్లు రాసే గుమాస్తా. పిల్లలు మీతో అనని మాటలు వీళ్ళతో అంటారు. ఫీజు కట్టలేక ఎవరు చదువు మానేయబోతున్నారో ముందు తెలిసేది ఆ గుమాస్తాకే. వీళ్ళకు ఎవరూ ఏమీ చెప్పరు. ఏడాదికి ఒక మధ్యాహ్నం బోధనేతర సిబ్బందిని కూర్చోబెట్టి, ఎవరిని ఎక్కడికి పంపాలో, డ్రైవ్ సీజను ఎప్పుడో సెల్ చెప్పాలి. తమిళనాడు ప్రభుత్వం 2022 మార్చి 1న ప్రారంభించిన నాన్ ముదల్వన్ పథకం కింద కళాశాలల్లో నైపుణ్య కోర్సులు నడుస్తున్నాయి. మీ కళాశాలలో ఏవి ఉన్నాయో, కెమిస్ట్రీ పిల్లలు ఏవి ఎంచుకోవచ్చో అదే మధ్యాహ్నం మీరూ అడిగి తెలుసుకోండి.

వరసగా నాలుగైదు డ్రైవ్‌లలో తప్పిన పిల్లవాడు భోజనం మానేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే అతణ్ణి ప్లేస్‌మెంట్ సెల్‌కు పంపకండి. అప్పుడు కావలసింది రెజ్యూమె సలహా కాదు. అతని పక్కన కూర్చోండి, కళాశాల కౌన్సెలరుకు మీరే తీసుకువెళ్ళి అప్పగించండి. రాత్రివేళ అయితే 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు ఉంది, ఉచితం, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు.

మొదటి అడుగుగా ఏమి చేయాలంటారా? ప్రిన్సిపాల్‌కు ఉత్తరాలు రాయకండి, కమిటీ వేయమని అడగకండి. ప్లేస్‌మెంట్ ఆఫీసరును ఒక రోజు టీ వేళకు మీ ల్యాబుకు పిలవండి. వాళ్ళ గదికి మీరు వెళితే అడగడానికి వచ్చినట్టు ఉంటుంది. వాళ్ళు మీ ల్యాబుకు వస్తే పిల్లలు చేసే పని కళ్ళారా చూస్తారు. స్పెక్ట్రోఫోటోమీటరు ముందు నిలబెట్టి, దీన్ని వాడగల పిల్లలు మీ దగ్గర ఇంతమంది ఉన్నారని చెప్పండి. ఆ తర్వాత రైలు వేళల కాగితం చేతికివ్వండి, మూడు బ్యాచ్‌ల జాబితా సంగతి ఎత్తండి, మీరు సెలవులో ఉండే తేదీ చెప్పి ఆ గంట తీసుకోమనండి. ఒకే రోజు ఇంతకు మించి అడగవద్దు. హెచ్‌ఓడీ గారిని కూడా ఆ టీకి పిలవండి. ఆయన సిలబస్ గురించి పట్టింపు ఉన్నవారు కనుక, నీటి నమూనాల ప్రయోగం ఆయన పేరుతోనే విభాగం పనిగా మొదలైతే అడ్డు చెప్పరు. డ్రైవ్‌లు మొదలయ్యే లోపు ఈ సమావేశం జరగాలి. ఆ తర్వాత ఆఫీసరు మీకు పది నిమిషాలు కూడా దొరకరు.